వసంతకాలమున ఇంటిస్థలము: రాయచోటి వారికి కొన్ని మాటలు

చలి తగ్గి, కొండవాలులలో మోదుగలు ఎర్రబారు దినములలో రాయచోటి ప్రాంతపు రైతు కుటుంబములకు కొంత తీరిక చిక్కును. వర్షాధారపు వేరుసెనగ ఇల్లు చేరి, అమ్ముడుపోయి నెలలు గడచియుండును. అరుగులమీద చింతపండు కొట్టి గింజ తీయుచుందురు. మామిడితోటలలో పూత పిందె కట్టును. కొత్త అమావాస్య దాటి ఉగాది వచ్చునప్పటికి, చేతికి వచ్చినది ఎంత, చెల్లింపవలసినది ఎంత అను లెక్క ప్రతి ఇంట తేలును. ఆ లెక్కలో ఏ కొంచెమైనను మిగిలినయెడల, దాని చుట్టు అల్లుకొను మొదటి ఆలోచన ఒకటే: ఇంటిస్థలము.

ఈ ఆలోచన వసంతములోనే పుట్టుటకు కారణములు లేకపోలేదు. వైశాఖము శంకుస్థాపనలకు, గృహప్రవేశములకు అనువైన మాసమని పంచాంగము చెప్పును. వానలు లేని కాలము గనుక గోడ లేచుటకు ఆటంకముండదు. పిల్లల పరీక్షలు ముగియును. కువైట్ వంటి దూరదేశములలో డ్రైవర్లుగను, ఇంటిపనివారుగను శ్రమించు బిడ్డలు పంపిన ధనమును ఏమి చేయవలెనను ప్రశ్నకు పెద్దలు ఈ దినములలోనే కూర్చుండి సమాధానము వెదకుదురు. కడప దగ్గరి దేవుని గడపలో ఉగాదినాడు మహమ్మదీయ సోదరులు సయితము లక్ష్మీవేంకటేశ్వరుని దర్శించుకొను ఆచారము మన సీమలో ప్రసిద్ధము. 2026లో ఉగాది మార్చి 19వ తేది. రంజాను పండుగయు అదే వారము. పండుగకు ఇల్లు చేరిన వారు రెండు మతములవారైనను, వారి మాటలలో దొర్లు విషయము మాత్రము ఒకటే: ఎక్కడ ఎన్ని సెంట్లు, సెంటు ఎంత?

ఇట్టి సమయమున ఊరిలో అందరికంటె తీరిక లేనివాడు స్థలముల మధ్యవర్తి. దళారి అని ఒకప్పుడు కొంత చులకనగా పిలిచిన ఈ వృత్తివానిని నేడు రియల్ ఎస్టేట్ ఏజెంటు అనుచున్నాము. అతడు పండుగకు క్యాలెండరు పంచును. కరపత్రముగనో, చరవాణి సందేశముగనో ఊరివార్తలు పంపును. రాచవీటి వీరభద్రస్వామి ఉత్సవముల విశేషములు, పరీక్షలు వ్రాయు పిల్లలకు దీవెనలు, కొత్తగా పడు రోడ్డు సంగతి, ఎండలలో జాగ్రత్తలు చెప్పి, చివర మెల్లగా 'ఇదియే తగిన సమయము, ఆలసింపకుడు' అని హెచ్చరించును. ఆ పత్రములో సగము ఊరి మేలు, సగము వ్యాపారము. అందులో తప్పు లేదు. ఊరు బాగుండినగాని అతని వృత్తి బాగుండదు. ఐతే ఏది వార్త, ఏది ప్రోత్సాహము అని వేరుచేసి చదువుకొను పని మాత్రము గృహస్థునిదే.

ఈ వివేకము నేడు రాయచోటివారికి ఎందుకింత అవసరమో చెప్పెదను. 2022 ఏప్రిల్ 2న శుభకృత్ నామ సంవత్సరాది. రెండు దినముల పిదప, ఏప్రిల్ 4న, ఆంధ్రప్రదేశములో కొత్త జిల్లాలు అమలులోనికి వచ్చినవి. కడప జిల్లానుండి రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతములను, చిత్తూరు జిల్లానుండి మదనపల్లె, పీలేరు, తంబళ్ళపల్లె ప్రాంతములను కలిపి అన్నమయ్య జిల్లా ఏర్పడినది. రాజంపేటవారును, మదనపల్లెవారును కేంద్రము తమకే కావలెనని ఆందోళన చేసినను, ఆ గౌరవము రాయచోటికి దక్కినది. కలెక్టరు కచేరి వచ్చినది, ఉద్యోగులు వచ్చిరి, అద్దె ఇండ్లకు గిరాకి కలిగినది. పట్టణపు చుట్టు మెట్టపొలములలో తెల్లని సరిహద్దు రాళ్ళు మొలచినవి. సెంటు ధర పెరుగుచు పోయినది.

మూడు సంవత్సరముల తొమ్మిది నెలలకు ఆ చక్రము వెనుకకు తిరిగినది. 2025 డిసెంబరు చివరి దినములలో ప్రభుత్వము జిల్లాలను మరల సవరించి, అన్నమయ్య జిల్లా కేంద్రమును మదనపల్లెకు మార్చినది. రాజంపేట కడప జిల్లాకును, రైల్వే కోడూరు తిరుపతి జిల్లాకును పోయినవి. రాయచోటి అన్నమయ్య జిల్లాలోనే నిలిచినది; కాని కేంద్రము కాదు. పరాభవ నామ సంవత్సరమను పేరు విన్నంతనే కొందరు, 'పేరుకు తగినట్లే అయినది' అని నిట్టూర్చుట సహజమే. అప్పుచేసి స్థలము కొన్నవారి నిట్టూర్పు మరికొంత బరువైనది.

ఈ నిట్టూర్పునకు మందు వెదకవలెనన్నచో, స్థలమునకు ధర ఎట్లు కలుగునో మొదట తెలిసికొనవలెను. ఏ స్థలపు ధరలోనైనను రెండు పాళ్ళుండును. మొదటిది వాడుక విలువ. ఆ స్థలములో ఇల్లు కట్టుకొని నివసించినచో నీరు దొరకునా, బడి దగ్గరనా, వైద్యుడు అందునా, పని దొరకునా అనువాటిపై ఇది నిలుచును. రెండవది ఆశ విలువ. రేపు ఏదో వచ్చును, అప్పుడు మరియొకడు ఎక్కువ ఇచ్చును అను నమ్మకముపై ఇది నిలుచును. వాడుక విలువ చెట్టువలె మెల్లగా పెరుగును. ఒకనాటి ఉత్తరువుతో పెరుగదు, తరుగదు. ఆశ విలువ గాలిపటము వంటిది. గాలి ఉన్నంత సేపు చూచుటకు ముచ్చట. దారము తెగినచో ఎవరి దొడ్డిలో పడునో తెలియదు. 2022లో రాయచోటి చుట్టుప్రక్కల పెరిగినది చాలవరకు ఈ రెండవ పాలు. 2025 చివర తెగినదియు అదే. మొదటి పాలు ఎక్కడికిని పోలేదు.

ఆశ విలువను అప్పుతో కొన్నయెడల ఏమగునో ఒక చిన్న లెక్క చూడుడు. ఒక గృహస్థు అయిదు లక్షల రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి స్థలము కొనెననుకొందము. నెలకు వడ్డీ పదివేలు. సంవత్సరమునకు లక్షా ఇరువది వేలు. మూడేండ్లకు మూడు లక్షల అరువది వేలు. అనగా చక్రవడ్డీ లేకుండగనే, ఆ స్థలము మూడేండ్లలో నూటికి డెబ్బదిరెండు వంతులు పెరిగిననే అతడు కొన్నచోట నిలబడును. అంతకంటె ఒక్క రూపాయి తక్కువ పెరిగినను నష్టమే. ధర పెరిగినదని సంతసించు చాలమంది ఈ రెండవ లెక్క వేయరు.

ఇక ఊరి సంగతి. కేంద్రము పోయిన ఊరు ఎట్లుండును? చరిత్రలో మన సీమయే దీనికి మంచి పాఠశాల. దత్తమండలములను 1808లో బళ్ళారి, కడప జిల్లాలుగా విభజించినప్పుడు, కడప జిల్లాకు మొదటి కేంద్రము పెన్న ఒడ్డునగల సిద్ధవటము. 1812లో ఆ గౌరవము కడపకు పోయినది. నేడు సిద్ధవటము కోటకు ప్రసిద్ధి చెందిన ఒక మండల కేంద్రము మాత్రమే. ఇది ఒక ప్రక్క. మరియొక ప్రక్క కర్నూలును చూడుడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని అయినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి రాజధాని హైదరాబాదునకు తరలినది. ఊరు కోల్పోయినది జిల్లా కచేరి కాదు, రాష్ట్ర రాజధానియే. ఐనను మరుసటి సంవత్సరమే, 1957లో, కర్నూలునకు వైద్య కళాశాల వచ్చినది. ఆ ఆసుపత్రికి నాలుగు దిక్కులనుండి రోగులు వచ్చిరి. ఊరు పెరిగినదే గాని తరుగలేదు.

అన్నిటికంటె మదనపల్లె కథ మరింత ఉపయోగకరము. రాయచోటియు, మదనపల్లెయు ఒకప్పుడు ఒకే జిల్లావి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను కడప జిల్లానుండి తీసి అందులో కలిపిరి. ఆ తరువాత నూరేండ్లకు పైగా మదనపల్లె ఏ జిల్లాకును కేంద్రము కాలేదు. కాని 1915లో అనీబిసెంటు పూనికతో అక్కడ దివ్యజ్ఞాన కళాశాల వెలసినది. ఆ కాలముననే ఊరి దగ్గర ఆరోగ్యవరములో క్షయరోగ చికిత్సాలయము ఏర్పడినది. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అక్కడకు వచ్చి, జనగణమన గీతమును ఆంగ్లములోనికి అనువదించెను. అటుపిమ్మట టమాటా విపణి పెరిగి దేశములోనే పేరు పొందినది. కలెక్టరు లేకుండగనే ఆ పట్టణము ఎదిగినది. ఎదిగినది కనుకనే కలెక్టరు కచేరికై అడుగగలిగినది. రాయచోటివారు మదనపల్లెను చూచి ఈర్ష్య పడుటకంటె ఈ క్రమమును గమనించుట మేలు.

మరి రాయచోటిలో మిగిలినది ఏమి? కర్నూలునుండి నంద్యాల, కడపల మీదుగా చిత్తూరునకు, ఆ పైని రాణిపేటకు పోవు 40వ సంఖ్య జాతీయ రహదారి రాయచోటి మీదుగానే పోవుచున్నది. గువ్వలచెరువు కనుమ దాటి, అక్కడి పాలకోవా రుచిచూచి వచ్చు బాటసారి మొదట చేరు పెద్ద ఊరు ఇదియే. వీరభద్రస్వామి ఆలయమునకు తెలుగు భక్తులేగాక కన్నడ భక్తులును వత్తురు. చుట్టు మండలములకు అంగడి ఇదే, ఆసుపత్రి ఇదే, న్యాయస్థానము ఇదే, రిజిస్ట్రారు కచేరి ఇదే. 2011 జనగణన నాటికే తొంబది వేలకు పైబడిన జనసంఖ్య గల పట్టణము. ఇవి కలెక్టరుతోపాటు వచ్చినవి కావు, కలెక్టరుతోపాటు పోవునవియు కావు.

ఐతే ఆశను అమ్ము వారు మరియొక సరకు తెత్తురు. కడప–బెంగుళూరు రైలుమార్గము అట్టిది. అది 2008–09లో మంజూరైనది. కడపనుండి పెండ్లిమర్రి వరకు పట్టాలు పడినవి. రాయచోటికి ఇంకను రైలు రాలేదు. రావలెనని మనమందరము కోరుదము, వచ్చినప్పుడు స్వాగతమిత్తము. కాని రాని రైలునకు నేడే టిక్కెట్టు కొన్నట్లు, స్టేషను ఇచ్చట వచ్చునని చెప్పిన స్థలమునకు రెట్టింపు వెల ఇచ్చుట గృహస్థ ధర్మము కాదు.

ఇప్పుడు కొనదలచిన వారికి ఉపయోగపడు మాటలు చెప్పుకొందము. మొదటి మాట నీటిని గూర్చి. కడప జిల్లాలో సంవత్సరమున కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదియు కొన్ని దినములలోనే కురిసి పోవును. రాయచోటి ప్రక్కనుండి పోవు మాండవ్య నదిలో ఎక్కువ దినములు కనబడునది ఇసుకయే. గాలివీడు మండలములో పాపఘ్నిపై గల వెలిగల్లు జలాశయము ఈ ప్రాంతపు దప్పికకు ఒక ఆధారము. కావున స్థలము చూచుటకు చైత్రవైశాఖములు నిజముగనే మంచి కాలము. మధ్యవర్తి చెప్పిన కారణమునకు కాదు, ఎండ చెప్పు కారణమునకు. ఏప్రిల్, మే నెలలలో ప్రక్క ఇండ్ల బోరులు పలుకుచున్నవా, కుళాయి ఎన్ని దినములకు ఒకసారి వచ్చుచున్నది, ట్యాంకరు నీటికి నెలకు ఎంత వ్యయమగుచున్నది అని అచ్చటి గృహిణులను అడుగుడు. వారు దాచరు. ఆ సమాధానము ఏ దస్తావేజుకంటెను తక్కువది కాదు.

వేసవిలో చూచిన స్థలమును వీలైనచో వానకాలమున మరియొకసారి చూడుడు. ఎండ నీటి నిజము చెప్పును. వాన వాగు నిజము చెప్పును. కరవుసీమలో పుట్టిన మనము వాగులను మరచిపోవుదుము. పదేండ్లు నీరు పారని వాగును చదునుచేసి స్థలములుగా గీసినప్పుడు ఎవరికిని అనుమానము రాదు. 2021 నవంబరు 19న ఏమి జరిగినదో జ్ఞాపకము చేసికొనుడు. కుండపోత వానలకు పింఛా జలాశయపు కట్ట తెగి, ఆ వెంటనే చెయ్యేటిపై గల అన్నమయ్య జలాశయపు కట్ట కొట్టుకొనిపోగా, పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట మొదలగు గ్రామములు నీటిపాలైనవి. పదులకొలది ప్రాణములు పోయినవి. కరవునకు పేరుపడిన నేలలోనే ఇది జరిగినది. కావున గ్రామపటములో వాగు, వంక, కుంట, చెరువు అలుగు ఎక్కడ నున్నవో చూచి, పోరంబోకునకు తగిలియున్న స్థలమును ఎంత చౌకగా వచ్చినను విడిచిపెట్టుడు.

రెండవ మాట కొలతను గూర్చి. ఎకరమునకు నూరు సెంట్లు. సెంటు అనగా 435.6 చదరపు అడుగులు, లేక 48.4 చదరపు గజములు. ముప్పది అడుగుల వెడల్పు, నలువది అడుగుల పొడవు గల స్థలము 1200 చదరపు అడుగులు. అనగా సుమారు రెండుముక్కాలు సెంట్లు. అంకణము అను కొలత మాత్రము ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క విధముగా నుండును గనుక, బేరము చదరపు అడుగులలోనో గజములలోనో తేల్చుకొనుడు. దస్తావేజులోని చెక్కుబందులు, అనగా నాలుగు దిక్కుల హద్దులు, నేలమీది హద్దులతో సరిపోవుచున్నవో లేదో సర్వేయరుచే కొలిపించి చూడవలెను. కొలత రుసుము మిగిల్చినవాడు పిదప వ్యాజ్యపు ఖర్చు భరించును.

మూడవ మాట హక్కును గూర్చి. చాలమంది రిజిస్ట్రేషను జరిగినచో స్థలము మనదైపోయినదని తలంతురు. నూరు రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరుగవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. కాని రిజిస్ట్రేషను అనగా దస్తావేజు నమోదు మాత్రమే. అమ్మినవానికి హక్కు ఉన్నదని సర్కారు ఇచ్చు పూచీ కాదు. లేని హక్కును రిజిస్టరు చేయించినను అది లేనిదే. కావున కనీసము ముప్పది సంవత్సరముల ఈసీ తీయించి, ఆ స్థలము ఎవరినుండి ఎవరికి వచ్చినదో గొలుసువలె దస్తావేజులు చూడవలెను. అడంగలు, ఒకటి-బి ఖాతా సరిచూడవలెను. ఇవి మీభూమి అను ప్రభుత్వ జాలస్థలములో ఇంటనుండియే చూడవచ్చును. నిషేధ జాబితాలో, జనులు ఇరువదిరెండు-ఏ అని పిలుచుదానిలో, ఆ సర్వే నంబరు ఉన్నదేమో తెలిసికొనవలెను.

మన ప్రాంతములో మరింత జాగ్రత్త పడవలసినవి డీకేటీ భూములు. పేదలకు ప్రభుత్వము ఇచ్చిన భూములను ఇతరులు కొనరాదని 1977 నాటి చట్టము నిషేధించినది. కొన్నవాని సొమ్ము పోవును. భూమి వెనుకకు పోవును. 2023లో ఆ చట్టమును సవరించి, ఇచ్చి ఇరువది సంవత్సరములు నిండిన సాగుభూములపై మొదటి హక్కుదారులకు అమ్ముకొను హక్కు కల్పించిరి. కాని అట్లు విడుదలైన భూముల రిజిస్ట్రేషనులను 2024లో నిలిపివేసి విచారణ సాగించిరి. 'డీకేటీయే గాని ఇప్పుడు ఫరవాలేదు' అని ఎవరైనను చెప్పినచో, ఆ మాటను కాగితముపై చూపుమని అడుగుట మీ హక్కు.

పిత్రార్జితమైన భూమి కొనునప్పుడు కొడుకుల సంతకములతో తృప్తి పడరాదు. ఆంధ్రప్రదేశములో 1985 నుండియే, కొన్ని నిబంధనలకు లోబడి, హిందూ అవిభక్త కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు జన్మతః హక్కు కలిగినది. 2005లో కేంద్ర చట్టమే దేశమంతటికి ఆ హక్కునిచ్చినది. మహమ్మదీయ కుటుంబములలో కుమార్తెకు, భార్యకు, తల్లికి వారి వారి పాళ్ళు ధర్మశాస్త్రముననే ఉన్నవి. అత్తవారింటికి పోయిన ఆడపడుచు సంతకము పెట్టలేదని పదేండ్ల తరువాత వచ్చు తగవు ఆమె తప్పు కాదు. ఆమెను అడుగని వారి తప్పు. మీరు కొను స్థలము భార్యాభర్తలిద్దరి పేర వ్రాయించుకొనుటయు మంచిదే. ఇల్లు ఇద్దరిది, కాగితము మాత్రము ఒకరిదేల?

నాలుగవ మాట, కువైట్లో ఉన్న బిడ్డలను గూర్చి. అక్కడి ఎండలో సంపాదించిన సొమ్ముతో ఇక్కడి బంధువు స్థలము కొనును. అతడు మంచివాడే కావచ్చును. ఐనను కాగితము ఎవరి పేర ఉన్నదను ప్రశ్నకు బంధుత్వము జవాబు కాదు. దూరదేశములో ఉన్నవారు ముక్తారునామా, అనగా పవర్ ఆఫ్ అటార్నీ, ఇవ్వదలచినచో అక్కడి భారత రాయబార కార్యాలయ అధికారి ఎదుట సంతకము చేసి పంపవలెను. అది భారతదేశమునకు చేరిన మూడు నెలలలోపల ఇక్కడ స్టాంపు వేయించవలెను. ఆ పత్రములో ఏ స్థలము, ఏ పని, ఎంతకాలము అను మూడింటిని స్పష్టముగా వ్రాయవలెను. 'నా ఆస్తులన్నియు, నా పనులన్నియు' అని వ్రాసి ఇచ్చుట ఇంటి తాళపుచెవిని వీధిలో వ్రేలాడదీయుట వంటిది. ముక్తారునామా మీదనే జరిగిన అమ్మకము హక్కును బదలాయింపజాలదని సర్వోన్నత న్యాయస్థానము 2011లో తేల్చినది. కొనువారును ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

అయిదవ మాట మధ్యవర్తిని గూర్చి. మంచి మధ్యవర్తి ఊరికి ఉపకారి. అమ్మదలచినవానిని, కొనదలచినవానిని ఒకచోట కూర్చుటలో శ్రమ ఉన్నది. ఆ శ్రమకు కమీషను న్యాయమే. ఐతే 2016లో పార్లమెంటు చేసిన రియల్ ఎస్టేట్ చట్టము, రేరా అని వాడుక గలది, ఈ వృత్తికి కొన్ని కట్టుబాట్లు విధించినది. అయిదువందల చదరపు మీటర్లకు, అనగా పన్నెండు సెంట్లకు కొంచెము పైబడిన నేలలో స్థలములు గీసి అమ్మదలచినవారు ముందుగా రేరాలో నమోదు కావలెను. అట్టి వెంచరులో బేరము కుదుర్చు మధ్యవర్తియు నమోదై ఉండవలెను. నమోదు కాని వెంచరులో బేరము కుదుర్చరాదు. ఈ నియమము తప్పినచో దినమునకు పదివేల రూపాయల చొప్పున జరిమానా. విక్రయపు ఒప్పందము రిజిస్టరు కాకుండ, వెలలో నూటికి పదివంతులకు మించి ముందుగా పుచ్చుకొనరాదు. కాబట్టి సంచకారము ఇచ్చుటకు ముందు, 'అన్నా, మీ రేరా నంబరు ఎంత?' అని అడుగుటకు మొగమాట పడవలదు. నిజాయితీపరుడు నొచ్చుకొనడు, నంబరు చెప్పును. రొక్కము విషయమున మరియొక హెచ్చరిక: స్థలపు బేరములో 20,000 రూపాయలు, అంతకు మించిన సొమ్మును రొక్కముగా పుచ్చుకొనుట ఆదాయపు పన్ను చట్టమునకు విరుద్ధము. బ్యాంకు ద్వారా ఇచ్చినది సాక్ష్యమై నిలుచును. సంచిలో ఇచ్చినది మాటయై పోవును.

చివరగా, ఇప్పటికే హెచ్చు ధరకు కొని దిగులు పడుచున్న వారికి రెండు మాటలు. మీది సొంత సొమ్మైనచో భయపడి తెగనమ్మవలసిన పని లేదు. మీ స్థలములో నీరు, బాట, హక్కు సరిగా ఉన్నచో దాని వాడుక విలువ నిలిచియే ఉన్నది. అమ్ముటకై కొన్నదానిలో ఇల్లు కట్టుకొనవచ్చునేమో యోచింపుడు. వీధిలో నాలుగు ఇండ్లు లేచిన పిమ్మట స్థలపు విలువ మారును. నాలుగు రాళ్ళు పాతినంతమాత్రమున మారదు. మీది వడ్డీ సొమ్మైనచో లెక్క వేరు. ధర తిరిగి లేచునని ఎదురు చూచు ప్రతి నెలయు వడ్డీ పెరుగుచునే ఉండును. రెండు స్థలములున్నచో ఒకటి అమ్మి అప్పు తీర్చుకొని, రెండవదానిని కాపాడుకొనుట పరాభవము కాదు, గృహమేధస్సు. అప్పు లేని రెండు సెంట్లు, అప్పుతో కూడిన పది సెంట్లకంటె కంటికి నిద్ర నిచ్చును.

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అన్న పెద్దలు ఆ రెండింటిని చేయవద్దని చెప్పలేదు. తొందరపడక, తెలిసి చేయుమని చెప్పిరి. ఊరు పెరుగుటకు కచేరి ఒక సాధనము మాత్రమే. మంచి బడి, నమ్మకమైన వైద్యము, పూడిక తీసిన చెరువు, కబ్జా కాని వాగు, మాట తప్పని అంగడి, అడిగిన కాగితము చూపు మధ్యవర్తి: ఇవి ఉన్న ఊరిలో స్థలమునకు ఎవరును ప్రచారము చేయనక్కరలేదు. వీనిలో చాలభాగము కలెక్టరు చేతిలో కంటె ఊరివారి చేతిలోనే ఉన్నవి. ఈ వసంతమున రాయచోటి గృహస్థులు ఒక సెంటు కొన్నను, రెండు సెంట్లు కొన్నను, అసలే కొనక ఉన్న ఇంటికి సున్నము వేసికొని పండుగ చేసికొన్నను, తెలిసి చేసిన పని యగుగాక. వారి గడపలకు కట్టిన మామిడాకులు ఏటేటా పచ్చగా నుండుగాక.